మన్యం కనుమల్లో సైకిలు యాత్ర: దారుల వెనుక చరిత్ర

నర్సీపట్నం దాటి వాయవ్య దిశగా సాగే రోడ్డు మొదట తోటల మధ్య, పొలాల మధ్య ఇంచుమించు చదునుగానే నడుస్తుంది. డౌనూరు చేరేసరికి కొండలు ఎదురుగా నిలుస్తాయి. అక్కడినుంచి లంబసింగి వరకూ ఘాట్‌రోడ్డు. కొద్ది పదుల మీటర్ల ఎత్తులో బయలుదేరిన మనిషి సుమారు 30 కిలోమీటర్ల ప్రయాణం తర్వాత సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల దరిదాపులకు చేరుకుంటాడు. బస్సులో వెళ్లేవారికి ఇది గంట సేపటి ప్రయాణం. మలుపుల్లో కాస్త తల తిరగడం, లంబసింగిలో హఠాత్తుగా చలి తగలడం తప్ప వారికి మరేమీ గుర్తుండదు. సైకిలుమీద ఎక్కేవారి సంగతి వేరు. గంటకు ఏడెనిమిది కిలోమీటర్లకు మించని వేగంతో, ఊపిరి లెక్కపెట్టుకుంటూ సాగే యాత్రికుడికి రోడ్డు తన వాలును, వంపును, రాతికట్టును ఒక్కొక్కటిగా చూపిస్తుంది. ఈ మలుపు ఇక్కడే ఎందుకు తిరిగింది, ఈ కొండచరియను ఎవరు తొలిచారు అన్న ప్రశ్నలు ఆ నెమ్మదిలోనే పుడతాయి.

ఇటీవలి సంవత్సరాలలో విశాఖ మన్యం సైకిలు యాత్రికులకు ప్రియమైన ప్రాంతమైంది. శీతాకాలపు పొగమంచు, వలిసె పూల పసుపు, కాఫీ తోటల నీడ ఇందుకు కారణాలు. యాత్రికులను ఆహ్వానించే వర్ణనల్లో ఇవన్నీ ఉంటాయి. లేనిది ఒక్కటే: ఈ దారుల చరిత్ర. దేశంలో చాలా ఘాట్‌రోడ్ల వెనుక శ్రమ చరిత్ర ఉంది. అయితే ఒక రోడ్డు పని ఒక సాయుధ తిరుగుబాటుకు ముఖ్య కారణాలలో ఒకటి కావడం అరుదు. లంబసింగి దారికి ఆ విశిష్టత ఉంది. దానిని తెలుసుకోకుండా ఈ కొండల్లో సైకిలు తొక్కడం పుస్తకం చేతపట్టుకుని అట్టను మాత్రమే చూసి పెట్టేయడం వంటిది.

బండిదారికి ముందు

తూర్పు కనుమలు పశ్చిమ కనుమల వలె అవిచ్ఛిన్నమైన గోడ కాదు. నదులు, గెడ్డలు వాటిని ఎక్కడికక్కడ కోసివేశాయి. ఆ కోతల వెంబడే మనుషుల దారులు ఏర్పడ్డాయి. మైదానంనుంచి ఉప్పు, బట్ట, ఇనుప సామాను పైకి వెళ్లేవి. కొండలనుంచి చింతపండు, పసుపు, పిప్పళ్లు, కరక్కాయలు, అడ్డాకులు కిందికి దిగేవి. గిరిజనులు కావడి భుజాన వేసుకుని నడిచేవారు. వర్తకుల సరుకు పెరికె ఎద్దులమీద సాగేది. ఉప్పు పండని సీమకు ఉప్పు తెచ్చే దారి ప్రాణాధారమే. అయినా ఆ దారిమీద గిరిజనుడికి కొంత అధికారం ఉండేది. ఏ కనుమ ఏ ముఠాకు చెందుతుందో, ఎవరు కాపు కాయాలో స్థానికంగా నిర్ణయమయ్యేది. కొన్ని గ్రామాల సముదాయమైన ముఠాకు ముఠాదారు పెద్ద. అతడు పై ప్రభువుకు కప్పం చెల్లిస్తూ తన కొండలను తాను పాలించుకునేవాడు.

1839 చట్టం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తప్పించి, ప్రభుత్వ ఏజెంటు చేతికి అప్పగించింది. ‘ఏజెన్సీ’ అన్న మాట మన వాడుకలోకి వచ్చింది ఆ మార్గానే. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయంపై ఆంక్షలకు పునాది వేసింది. తరతరాలుగా తమదనుకున్న అడవిలో కట్టె కొట్టడం, పశువులను మేపడం నేరాలుగా మారాయి. ఈ మధ్యకాలంలోనే, 1879లో, రంప ప్రాంతం భగ్గుమంది. 1839నుంచి 1924 వరకూ గూడెం-రంప కొండల్లో జరిగిన తిరుగుబాట్లను ఒకే వరుసలో పరిశీలించిన చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్. 1982లో వెలువడిన ‘సబాల్టర్న్ స్టడీస్’ మొదటి సంపుటంలోని ఆయన వ్యాసం ఈ విషయంలో నేటికీ చదవదగినది. కొండలు మైదానానికి తెరుచుకున్న కొద్దీ పోలీసు, వర్తకుడు, సారా కాంట్రాక్టరు, వడ్డీవ్యాపారి వెంట వచ్చారు. వారు రావడానికి దారి కావాలి. రోడ్డు అంటే కొండవాసి భయపడడం అక్కడ మొదలయింది.

లంబసింగి రోడ్డు, 1922

మైదానపు కూలీలకు మన్యపు జ్వరమంటే హడలు. మలేరియా సోకితే బతికి బయటపడటం కష్టమన్న రోజులవి. అందుచేత కొండల్లో రోడ్డు పనికి కొండవాళ్లనే పట్టుకోవలసి వచ్చింది. నర్సీపట్నంనుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు వేయించే పని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చేతిలో పడింది. పొలం పనులు మానిపించి మనుషులను రప్పించడం, నిర్ణయించిన కూలిలో కోత పెట్టడం, ఎదురు చెప్పినవారిని హింసించడం అతనిపై వచ్చిన ఆరోపణలు. ఫిర్యాదులు పైకి వెళ్లినా ఫలితం కనబడలేదు.

అల్లూరి సీతారామరాజు ఈ కొండలకు రాజకీయ నాయకుడిగా కాక, సన్యాసిగా, మందులిచ్చే మనిషిగా పరిచితుడు. గిరిజనులు తమ బాధలు ఆయనకు చెప్పుకున్నారు. గ్రామ మునసబు పదవిని పోగొట్టుకున్న గాం గంటందొర, అతని సోదరుడు గాం మల్లుదొర వంటివారు ఆయన వెంట నిలిచారు. అటవీ ఆంక్షలు, ముఠాదార్ల హక్కుల క్షీణత, రోడ్డు పనిలో వెట్టి, అన్నీ ఒకచోటికి చేరాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడులు జరిగాయి. మొదటి దాడికి ఎంచుకున్న చింతపల్లి ఆ కొత్త రోడ్డు చేరవలసిన ఊరు కావడం గమనార్హం.

తర్వాతి నెలలో దారుల విలువ మరోవిధంగా రుజువయింది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పొంచి ఉన్న తిరుగుబాటుదార్ల కాల్పులకు స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు మరణించారు. ఇరుకు కనుమలో వరుసగా నడిచే దళానికి సంఖ్యాబలం ఉపయోగపడదు. కొండవాలు తెలిసినవాడిదే పైచేయి. మలబారు స్పెషల్ పోలీసును, ఆపై అస్సాం రైఫిల్స్‌ను రప్పిస్తే తప్ప ప్రభుత్వానికి పట్టు చిక్కలేదు. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చిచంపారు. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి ఉంది. జైలుశిక్ష అనుభవించిన గాం మల్లుదొర స్వాతంత్ర్యానంతరం 1952 ఎన్నికలలో విశాఖపట్నంనుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. వెట్టి రోడ్డును ధిక్కరించిన మనిషి పార్లమెంటు మెట్లు ఎక్కడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

అదే కాలంలో, మరో దారిమీద

మన్యంలో తిరుగుబాటు ఇంకా చల్లారని 1923 అక్టోబరులో బొంబాయినుంచి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్లమీద ప్రపంచయాత్రకు బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు 1928లో యాత్ర ముగించుకుని తిరిగి వచ్చారు. 1926లో కలకత్తానుంచి బయలుదేరిన బిమల్ ముఖర్జీ 1937 వరకూ దేశదేశాలు తిరిగాడు. పరాయి పాలనలో ఉన్న దేశపు యువకులు తమ కాళ్ల బలంతో ప్రపంచాన్ని చుట్టివస్తామని చాటడం ఒక విధమైన స్వాభిమాన ప్రకటన. మన్యంలో విల్లంబులు పట్టినవారికీ, బొంబాయిలో సైకిలెక్కినవారికీ పరస్పరం పరిచయం లేదు. అయినా దారిని ఎవరు, ఎవరి ఇష్టంతో నడవాలి అన్న ప్రశ్న ఇద్దరి ముందూ ఉంది.

అప్పటికి సైకిలు దిగుమతి వస్తువు. రెండు సమాన చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు ఉన్న ‘సేఫ్టీ’ సైకిలు 1885లో ఇంగ్లండులో రూపుదిద్దుకుంది. 1888లో డన్‌లప్ గాలి టైరు దానికి తోడయింది. మన దేశంలో సైకిలు సామాన్యుడి వాహనం కావడానికి స్వదేశీ కర్మాగారాలు రావలసి వచ్చింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ స్థాపితమయ్యాయి. పాలవాడు, పోస్టుమాను, బడిపంతులు సైకిలెక్కిన కాలమది. మన్యం ఊళ్లకూ ఆ బరువైన నల్ల సైకిలు చేరింది. ఒకే గేరు ఉన్న ఆ బండిని ఎగువకు చేత్తో నెట్టుకుంటూ నడవడం, దిగువకు బ్రేకు పట్టుకుని ఎక్కిరావడం ఆచారం. ముందు చిన్న పళ్లచక్రం, వెనుక పెద్ద పళ్లచక్రం అమర్చుకునే గేర్ల సైకిళ్లు వచ్చాకే ఘాట్‌రోడ్డును మొదటినుంచి చివరిదాకా తొక్కి ఎక్కడం సామాన్య యాత్రికుడికి సాధ్యమయింది.

ఇక్కడ రోడ్డు వాలు గురించి ఒక మాట చెప్పాలి. ఎద్దులబండి ఎక్కగలిగేటట్లు వేసిన కొండదారి మరీ నిటారుగా ఉండదు. ఇరవై అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు అన్నది అటువంటి దారులకు అనువైన లెక్క. అంతకు మించితే ఎద్దులు మోకాళ్లమీద పడతాయి. ఎద్దుకు అనువైన ఆ వాలే మనిషి కాళ్లకూ అనువైనది. అయితే వాలు తగ్గాలంటే దారి పొడవు పెరగాలి, కొండను చుట్టిచుట్టి తొలవాలి. అంటే ఎక్కేవాడికి సుఖం ఎంతో తవ్వేవాడికి కష్టం అంత. సైకిలు యాత్రికుడు లంబసింగి మలుపుల్లో అనుభవించే సౌలభ్యానికి అసలు మూల్యం ఒక శతాబ్దం కిందటే, వేరొకరి చేత, చెల్లింపయిపోయింది.

నాలుగు రోజుల దారి

ఈ ప్రాంతాన్ని సైకిలుమీద చూడదలచినవారికి నర్సీపట్నంనుంచి విశాఖపట్నం వరకూ కొండలమీదుగా సుమారు 260 కిలోమీటర్ల దారి సహజంగా అమరింది. నాలుగు రోజులు చాలు. ఉదయం మంచు విడిచాక బయలుదేరి చీకటి పడకముందే మజిలీ చేరడం మంచిది. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది కనుక నవంబరునుంచి ఫిబ్రవరి వరకూ అనువైన కాలం.

మొదటిరోజు నర్సీపట్నంనుంచి లంబసింగి మీదుగా చింతపల్లి. ఎగువ ప్రయాణమంతా ఈ రోజే. చరిత్రమీద ఆసక్తి గలవారు ముందుగా ఒక పూట కేటాయించి, నర్సీపట్నంనుంచి వేరుగా వెళ్లే దారిలో కృష్ణదేవిపేట సమాధిని చూసి రావచ్చు. చింతపల్లి చేరాక ఠాణా ఉన్న ఊరు ఇదేనని గుర్తు చేసుకోకుండా ఉండలేం.

రెండోరోజు చింతపల్లినుంచి పాడేరు. దారి పీఠభూమిమీద ఎగుడుదిగుడుగా సాగుతుంది. పెద్ద ఎత్తులు లేవు గాని చిన్న మెట్టలు లెక్కలేనన్ని. పాడేరు మోదకొండమ్మ జాతరకు ప్రసిద్ధం. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాకు ఇదే కేంద్రం. వెట్టి రోడ్డుపై తిరగబడినవాడి పేరిట జిల్లా ఏర్పడి, ఆ రోడ్లను చూసే అధికారులు ఆ పేరు కింద సంతకాలు చేయడం చరిత్రలోని ఒక న్యాయం. వ్యవధి చాలనివారు పాడేరునుంచే గరికబంద మీదుగా మాడుగుల దిగిపోవచ్చు. మాడుగుల హల్వా ఆ దిగుడుకు బహుమతి.

మూడోరోజు పాడేరునుంచి హుకుంపేట మీదుగా అరకు. ఈ లోయల నీరు మత్స్యగెడ్డలో చేరుతుంది. ఒడిశా సరిహద్దున అదే మాచ్‌ఖండ్ నది. 1955లో ప్రారంభమైన మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రానికి ఈ నీరే ఆధారం. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఇళ్లలో దీపాలు వెలిగించిన ఆ పథకంకోసం జలాపుట్ జలాశయం కింద ఎన్నో గిరిజన గ్రామాలు మునిగిపోయాయి. బగత, కొండదొర, కోటియ, పోర్జ, గదబ, ఖోండు తెగల ఊళ్లు ఈ దారి పొడవునా ఉన్నాయి. సంతరోజున ఇక్కడ తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా, కువి మాటలు వినబడతాయి. సైకిలు ఆపి ఒక గంట సంతలో నిలబడితే చాలు, కావడి దారుల కాలం పూర్తిగా పోలేదని తెలుస్తుంది.

నాలుగోరోజు అరకునుంచి గాలికొండ, అనంతగిరి మీదుగా శృంగవరపుకోట దిగి విశాఖపట్నం చేరాలి. సుమారు 115 కిలోమీటర్లు. ఎక్కువ భాగం దిగుడే అయినా అజాగ్రత్త పనికిరాదు. దిగువ ప్రయాణంలో బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచితే చక్రపు అంచు వేడెక్కుతుంది. పట్టి విడుస్తూ, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. దారిపక్కనే కనబడే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి, జపాను ఎగుమతులను దృష్టిలో పెట్టుకుని వేసినది. అనంతగిరి మండలంలోని బొర్రా గుహలు యాత్రికులకు తెలుసు. ఆ పరిసరాల్లోని గనుల లీజులే ‘సమత’ కేసుకు మూలమని చాలామందికి తెలియదు. షెడ్యూల్డు ప్రాంతాల్లోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుగా ఇవ్వరాదని 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక్కడి కొండవాలుల్లో నీడచెట్ల కింద పండే కాఫీకి ‘అరకు లోయ అరబికా’ పేరిట 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పోడుకు ప్రత్యామ్నాయంగా మొదలైన పంట గిరిజన రైతుకు ఒక గౌరవనామం తెచ్చిపెట్టింది.

దారి ఎవరికోసం?

పై చరిత్రనుబట్టి కొండవాసులు రోడ్లకు విరోధులని అనుకుంటే పొరపాటు. మన్యంలో ఇంకా రోడ్డు లేని ఆవాసాలున్నాయి. ప్రసవవేదన పడుతున్న స్త్రీని డోలీలో పడుకోబెట్టి, ఇద్దరు మనుషులు కర్రను భుజాన మోస్తూ కొండ దిగే దృశ్యం మన కాలంలోదే. ఆ ఊళ్లవారు కోరేది రోడ్డునే. 2023 నవంబరులో ప్రారంభమైన పి.ఎం. జన్‌మన్ పథకం అత్యంత వెనుకబడిన గిరిజన తెగల ఆవాసాలకు రోడ్లు వేయడాన్ని ముఖ్య లక్ష్యాల్లో ఒకటిగా చేర్చుకుంది. 1922లో రోడ్డు పనిని ధిక్కరించినవారి వారసులు రోడ్డు అడగడంలో వైరుధ్యం లేదు. వారు నాడు కాదన్నది దారిని కాదు, తమ ఇష్టం లేకుండా, తమ కూలి కాజేసి, తమకు పనికిరాకుండా వేసిన దారిని.

రాజమహేంద్రవరంనుంచి కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం వరకూ 516-ఇ జాతీయ రహదారిని రూపొందించడంతో ఈ కొండదారులలో పెద్ద మార్పు మొదలయింది. విశాలమైన రోడ్డు మీద బస్సు, అంబులెన్సు త్వరగా చేరుతాయి. అది అవసరమే. విస్తరణలో పాత మలుపులను విడిచి కొత్త దారి వేసినచోట, ఆ విడిచిన ముక్కలను పొదలకు వదిలేయడం మాత్రం న్యాయం కాదు. లారీలు రాని ఆ పాత ముక్కలు సైకిలు యాత్రికులకూ, బడికి నడిచే పిల్లలకూ, సంతకు కావడితో వెళ్లే మనిషికీ సురక్షితమైన దారులవుతాయి. మురుగుకాల్వ పూడిక తీయడం, రాతికట్టు కాపాడడం వంటి కొద్దిపాటి పనితో అవి నిలుస్తాయి.

యాత్రికులు పెరిగితే బస, భోజనం, మరమ్మతు దుకాణాలు కావాలి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1917 చట్టం మొదలు 1959 నిబంధన, దానిని పటిష్ఠం చేసిన 1970 సవరణ వరకూ రక్షణలున్నాయి. ‘ఒకటి బై డెబ్బై’ అని జనం పిలిచే ఆ సవరణను పర్యాటకానికి అడ్డంకిగా చూపడం కొందరికి అలవాటు. దానిని అవకాశంగా చూడాలి. యాత్రికుడు దిగే ఇల్లు, తాగే కాఫీ, పంక్చరు వేయించుకునే దుకాణం గిరిజనులవే కావడానికి చట్టం దారి చూపుతోంది. శిక్షణ, చిన్న రుణం సమకూర్చడమే అధికార యంత్రాంగం చేయవలసిన పని. కనుమల వద్ద దూరాలు తెలిపే పలకల పక్కనే ఆ దారి ఎప్పుడు, ఎవరిచేత, ఏ పరిస్థితుల్లో పడిందో తెలిపే పలకలు కూడా నిలబెడితే, చూసేవారికి అదొక పాఠం.

లంబసింగి ఘాట్‌రోడ్డు పక్కన నిలిచిన కిలోమీటరు రాళ్లమీద ఊళ్ల పేర్లున్నాయి, దూరాలున్నాయి. కొండ తొలిచినవారి పేర్లు లేవు. ఎగువకు తొక్కలేక ఆగి, రోడ్డు అంచున కూర్చుని నీళ్లు తాగే యాత్రికుడికి ఆ సంగతి తెలిసి ఉంటే, మిగిలిన దూరాన్ని అతడు వేరొక మనస్సుతో ఎక్కుతాడు.